మన పాటలకు మన యింటి భాండారము



ఊరగాయ జాడీ యొక చోట, పసుపు కుంకుమల బరిణె యొక చోట, పప్పుదినుసుల డబ్బాలు వేఱొక చోట నుంచుకొనుట మనకు పెద్దలు నేర్పిన పద్ధతి. ఏ వస్తు వెక్కడ నున్నదో చీకటిలోనైనను మన చేతికి తెలియును. కాని యింటిలోని పాటల మాట యడిగినచో మనలో పెక్కుమందిమి తెల్లమొగము వేయుదుము. తెల్లవారిన వెంటనే సుప్రభాతము ఫోనులోనుండి వచ్చును. అది యెక్కడినుండి వచ్చుచున్నదో తెలియదు. పిల్లల లాలిపాట టీవీలోనుండి వచ్చును. నడుమ సబ్బుల ప్రకటనయు వచ్చును. నిన్న వినిన పాటను నేడు వెదకిన నొక్కొక్కప్పుడు కానరాదు. నెలనెలా కట్టు రుసుము మానినచో పాటల పట్టిక యంతయు మన చేయి దాటిపోవును. అనగా మన మనుకొనునట్లు అవి మన పాటలు కావు. ఒకరి కొట్టులోని సరకును బాడుగకు తెచ్చుకొని వాడుకొనుచున్నాము.

బాడుగ పాటలు వలదని నేననుట లేదు. సినిమాపాట యేదో వినవలెనన్న దానికి అదియే సులభమార్గము. కాని ప్రతి యింటను ఏ అంగడిలోను దొరకని పాటలు కొన్ని యుండును. వానికి మన యింటనే చోటు కల్పింపవలెను. అందులకు గొప్ప యంత్రములు కొననక్కఱలేదు. అటక మీద పడియున్న పాత కంప్యూటరు చాలును. సికింద్రాబాదు తిరుమలగిరిలోని మా యింట ఈ పని యెట్లు జరిగినదో, అందు నేను చేసిన తప్పు లెవ్వియో విన్నవించుటకే యీ వ్యాసము.

మా వారు బడిపంతులు. నేను మాత్రము బడికి పోయి చదివినదానను కాను. చిన్ననాట తఱచు జబ్బుపడుచుండుటచే మాతామహులే నన్ను దగ్గఱ కూర్చుండబెట్టుకొని భారతభాగవతములు చదివించిరి. ఆయన యొక పద్యము చదువుట, నేను మరల చదువుట, పిదప ఆయన యర్థము చెప్పుట: ఇదియే నా చదువు. మా మేనమామ 1998లో టేపురికార్డరు తెచ్చి, మేము చదువుకొను చోట నుంచి, కొన్ని దినములపాటు ఆ పాఠములను పట్టెను. పదునొకండు క్యాసెట్లు, ఒక్కొక్కటి 90 నిమిషములది. తాతగారు పోయిన పిమ్మట అవి నా పెట్టెలో పట్టుచీరల నడుమ అత్తవారింటికి వచ్చినవి.

గడచిన వేసవిలో ఎనిమిదేండ్ల మా యమ్మాయికి గజేంద్రమోక్షమునందలి పద్యములు మొదలుపెట్టితిని. తాతగారి చదువు వినిపింపవలెనని యొక క్యాసెట్టును పాత టేపురికార్డరులో పెట్టితిని. రెండు పద్యములు వినబడినవి. అమ్మాయి నోరు తెఱచుకొని వినుచుండెను. మూడవ పద్యమున గొంతు సాగి, వంగి, గరగరమని యాగిపోయెను. మూత తెఱచి చూతును గదా, నల్లని టేపు చక్రములకు చుట్టుకొనిపోయి యుండెను. దానిని పెన్సిలుతో మెల్లగ వెనుకకు చుట్టుచుండగా నా చేతులు వణకినవి. టేపు తెగలేదు, కాని ఇక ఆలస్యము చేయరాదని ఆనాడే నిశ్చయించుకొంటిని.

పాత యంత్రము, క్రొత్త యుద్యోగము

మా యింట 2011లో కొనిన లాప్‌టాపు ఒకటి కలదు. దానిలోని విండోసు 7 నకు తయారీదారుల పోషణ 2020 జనవరి 14తో ముగిసెను. దానిని తెఱచిన తెఱపు పది నిమిషములకు గాని వెలుగదు. బాగుచేయు నొకాయనకు చూపగా, “అమ్మా, దీనిని తూకమునకు వేయుడు” అనెను. మా మఱది మాత్రము, “వదినా, లెక్కలు చేయుటకు దీనికి ఓపిక లేదు గాని, పాటలు వడ్డించుటకు చాలును” అని చెప్పెను.

వడ్డించుట యన్న మాట నాకు చక్కగ తోచినది. సర్వరు అనగా వడ్డించునదియే. భోజనశాలలో ఒకరు వంటింటి సరకు నెఱిగి, పట్టిక చేతబట్టి, అడిగిన పంక్తికి అడిగిన పదార్థమును తెచ్చి వడ్డింతురు గదా. పాటల సర్వరు చేయునదియు నంతియే. పాటలున్న సంచిని అది ముందుగ నొకమాఱు తిరుగవేసి, ఏ పాట యెవరు పాడినది, ఏ సంపుటములోనిది, ఎంతసేపు పట్టునది యని పట్టిక వ్రాసికొనును. పిదప ఇంటిలోని వైఫై ద్వారమున ఫోనుగాని స్పీకరుగాని అడిగినపుడు ఆ పాటను పంపును. పాటను పంపుట బొమ్మను చూపుటవలె గొప్ప శ్రమ కాదు. సీడీలోని సంగీతమును యథాతథముగ పంపినను సెకనుకు 1,411 కిలోబిట్లు మాత్రమే పోవును. పదునైదేండ్లనాటి యంత్రము ఆ పనిని ఆవులించుచు చేయగలదు.

ఇట్టి సాఫ్టువేరులు పెక్కులు గలవు. వెల యిచ్చి కొననక్కఱలేనివియు నున్నవి. మేము పెట్టుకొనినది లిరియన్ మ్యూజిక్ సర్వరు. దాని చరిత్ర మనకు నీతిపాఠమువలె నున్నది గనుక చెప్పెదను. అమెరికాలో షాన్ ఆడమ్స్ అనునాయన 2000లో స్లిమ్ డివైసెస్ అను చిన్న సంస్థను స్థాపించెను. ఇంటి కంప్యూటరులోని పాటలను హాలులోని స్పీకరునకు చేర్చు చిన్న పెట్టెను ఆ సంస్థ 2001లో అమ్మకమునకు తెచ్చెను. ఆ పెట్టెకు పాటలు వడ్డించు సాఫ్టువేరే స్లిమ్‌సర్వరు. 2006లో లాజిటెక్ అను పెద్ద సంస్థ దానిని కొనెను. 2012లో ఆ పెట్టెల వరుసను నిలిపివేసెను. 2024లో వానికి ఆధారమైన ఇంటర్నెట్టు కేంద్రమును సైతము మూసెను.

ఇట్టి స్థితిలో సామాన్యముగ వస్తువు చచ్చిపోవును. ఇది చావలేదు. ఎందుచేతననగా ఆ సాఫ్టువేరు వ్రాసిన విధానము మొదటినుండియు బహిరంగముగ నుండెను. వంట చేసిన యామె వెడలిపోయినను వంటచేయు విధము పదిమందికి తెలిసియుండినచో వంట నిలువదు గదా. వాడుకొనువారే దానిని చేపట్టి, 2024లో లిరియన్ అని పేరు మార్చి, నేటికిని సవరించుచున్నారు. ఒకరి తాళముచెవికి లోబడినది వారితోడనే పోవును; పదిమంది చేతిలోనున్నది నిలుచును.

ఇంకను తేలికైనది కావలెనన్న నావిడ్రోమ్ కలదు. పాటలతో పాటు పెండ్లి వీడియోలును చూడవలెనన్న జెల్లీఫిన్ కలదు. ఇది 2018 డిసెంబరులో ఎంబీ అను సాఫ్టువేరునుండి వేఱుపడినది. కాని బొమ్మలు వడ్డించుటకు పాత యంత్రము ఆయాసపడును. మొదట పాటలతో సరిపెట్టుకొనుట మేలు.

సిద్ధపఱచిన విధము

మొదట లాప్‌టాపును త్రిప్పి చూచితిని. గాలి పోవు రంధ్రములు దూదిపింజలవంటి దుమ్ముతో నిండియుండెను. మఱది యడుగు మూత తీయగా నేను మెత్తని కుంచెతో తుడిచితిని. బ్యాటరీ ఉబ్బి యున్నదేమో తప్పక చూడవలెను. ఉబ్బిన బ్యాటరీ అగ్నిభయము గలది. దానిని పొడువరాదు, నొక్కరాదు, చెత్తలో వేయరాదు. తీయించి ఈ-వ్యర్థములు తీసికొనువారికి ఇయ్యవలెను. మాది బాగుగనే యుండెను. బాగుగనున్న బ్యాటరీ గల లాప్‌టాపునకు మఱియొక గుణము గలదు. వానకాలమున కరెంటు పోయినను యంత్రము తటాలున ఆరిపోక కొంతసేపు నిలుచును. తటాలున ఆరుట పాటల పట్టికకు మంచిది కాదు.

పిదప విండోసును తీసివేసి డెబియన్ అను లినక్సును పెట్టితిమి. ఇది 1993నుండి స్వచ్ఛందముగ పనిచేయువారు నడుపుచున్నది, వెల లేదు. ఒక జాగ్రత్త మాత్రము చెప్పవలెను. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13, మిక్కిలి పాతవైన 32 బిట్ల కంప్యూటర్లపై క్రొత్తగ స్థాపించుటకు వీలు లేనిది. మీ యంత్రము 64 బిట్లదో కాదో ముందుగ నడిగి తెలిసికొనుడు. మాది 64 బిట్లది. జ్ఞాపకశక్తి 2 జీబీ మాత్రమే. తెఱపు బొమ్మలు లేకుండ స్థాపించినందున అది సరిపోయినది. ఈ పని తెలిసిన పిల్లలు ఇంట లేకున్నచో మన ఊర నడుగుటకు దిక్కు లేకపోలేదు. హైదరాబాదులోని స్వేచ్ఛ యను సంస్థ తెలుగులో నడచు లినక్సును సమకూర్చి, విద్యార్థులకు ఇట్టి విద్యను నేర్పుచు వచ్చినది. సామగ్రికి సికింద్రాబాదు పార్క్‌లేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు కంప్యూటరు అంగళ్లకు ప్రసిద్ధమైన చోటు.

లిరియనును స్థాపించుట పప్పు ఉడుకునంత సేపటి పని. యంత్రము మూత మూసినను నిదురపోకుండ ఏర్పాటు చేసితిమి. లేనియెడల మూత వేసిన తోడనే పాట యాగును. వైఫై పెట్టెలో దానికొక స్థిరమైన సంఖ్య నిచ్చితిమి. ఇంటి నంబరు దినమున కొకటి మాఱినచో ఉత్తరము చేరదు గదా. తరువాత ఫోనులోని బ్రౌజరులో ఆ సంఖ్యను, దాని వెనుక 9000 అను ద్వారసంఖ్యను వ్రాయగనే మా పాటల పట్టిక కనబడెను. స్క్వీజ్‌లైట్ అను చిన్న సాఫ్టువేరును గూడ అదే లాప్‌టాపులో నుంచి, ఒక తీగను పాత స్టీరియో వెనుకనున్న రంధ్రమునకు తగిలించితిమి. ఇపుడు ఫోను చేతబట్టి వంటింటినుండి మీటినచో హాలులోని స్టీరియో పాడును.

కరెంటు ఖర్చెంతయని మా వారడిగిరి. అడుగవలసిన ప్రశ్నయే. ఇట్టి లాప్‌టాపు తెఱపు ఆరియున్నపుడు సుమారు 15 వాట్లు తీసికొనునని లెక్కించినచో, దినమంతయు నడచినను మూడవ వంతు యూనిటుకు కొంచె మెక్కువ. నెలకు పదునొకండు యూనిట్లు. అదే 60 వాట్లు తీసికొను పాత డెస్క్‌టాపైనచో నెలకు నలువదిమూడు యూనిట్లగును. కావున రెండును ఉన్నవారు లాప్‌టాపునే యెంచుకొనవలెను. మేము రాత్రి పదింటికి ఆర్పి వేకువ నైదింటికి వెలిగింతుము గనుక ఖర్చు మఱికొంత తగ్గినది.

టేపునుండి తీయుట

తఱువాతిది అసలు పని. క్యాసెట్టును కంప్యూటరులోనికి దింపుటకు అడ్డదారి లేదు. 90 నిమిషముల టేపునకు 90 నిమిషములే పట్టును. పదునొకండు క్యాసెట్లకు పదునాఱున్నర గంటలు. పిల్లలు బడికి పోయినపిదప, కుక్కరు కూత లేని వేళ చూచి, దినమునకొక ప్రక్క చొప్పున తీసితిని.

ఈ పని చేయదలచినవారు ముందుగ టేపురికార్డరులోని తలను, రబ్బరు చక్రమును ఐసోప్రొపైల్ ఆల్కహాలులో తడిపిన దూదిపుల్లతో తుడువవలెను. ఏండ్ల తరబడి నిలువయున్న టేపును పాడించుటకు ముందు ఒకమాఱు చివరివఱకు చుట్టి మరల వెనుకకు చుట్టవలెను. క్యాసెట్టు వెనుక అంచున నున్న రెండు చిన్న రెక్కలను విఱిచివేయవలెను. అట్లయిన పొరబాటున మీట నొక్కినను పాతది చెఱిగి క్రొత్తది పడదు. టేపు తెగినచో ఇంటిలోని సెల్లోటేపు అంటింపరాదు; దాని జిగురు కాలక్రమమున కాఱి ప్రక్క చుట్టలకు పట్టుకొనును. అందులకు ప్రత్యేకమైన అతుకు టేపు దొరకును.

టేపురికార్డరు చెవిగొట్టపు రంధ్రమునుండి ఒక తీగను, యూఎస్‌బీకి తగులుకొను చిన్న శబ్దపు పెట్టెకు కలిపి, ఆడాసిటీ అను ఉచిత సాఫ్టువేరుతో పట్టితిని. శబ్దపు గీత యెఱ్ఱని హద్దును దాటరాదు; దాటినచో గొంతు పగులును, పిదప సరిదిద్దుటకు వీలుపడదు. పట్టినదానిని ఫ్లాక్ అను రూపమున దాచితిని. ఎంపీ3 రూపము చిన్నదియే గాని, అందు చిన్నగ చేయుటకై శబ్దమును కొంత పాఱవేయుదురు. ఫ్లాక్ ఏమియు పాఱవేయదు. మడతపెట్టిన చీరవలె చోటు తగ్గును గాని పోగు పోదు. పదునాఱున్నర గంటల పాఠములును సుమారు 5 జీబీలో నిమిడినవి.

పేర్లు వ్రాయుటలో నేను మొదట పొరబడితిని. తొలి దినమున నొకదానికి “తాత1” అనియు, మఱుదినమున “భాగవతం కొత్త” అనియు, మూడవనాడు “టేపు బి ప్రక్క” అనియు వ్రాసితిని. సర్వరు వ్రాసిన పట్టికను చూడగా ఒక్క తాతగారే ముగ్గురైరి! వంటింటి డబ్బాలకు చీట్లు అంటించునపుడు చూపు శ్రద్ధ ఇచ్చటను కావలెను. చదివినవారి పేరు, గ్రంథము, ఘట్టము, సంవత్సరము: ఈ నాలుగును ప్రతిదానికి ఒకే వరుసను వ్రాయవలెను. తెలుగు లిపిలోనే వ్రాయవచ్చును. ఫ్లాక్ దానిని చక్కగ నిలుపుకొనును. పాత ఎంపీ3లకు మాత్రము ఒక చిక్కున్నది. వాని తొలినాటి చీటీ పద్ధతిలో పేరునకు 30 అక్షరముల చోటే కలదు. అదియు ఇంగ్లీషు అక్షరములకు. ఇప్పటి లిపిపద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కొక్కటి మూడింటి చోటు పట్టును గనుక పేరు పదింటికే తెగిపోవును. క్రొత్త పద్ధతి చీటీలో వ్రాసినచో ఈ యిబ్బంది లేదు.

నేను చేసిన తప్పు

పని ముగిసినదని సంతోషించితిని. అమ్మాయి ప్రతిసాయంకాలము తాతగారితో పద్యము చదువుచుండెను. ఆయన చదివినపిదప టేపులో నా చిన్నప్పటి గొంతు వచ్చును. నేను తప్పు చదివినచో తాతగారు కోపపడక “మరల” అందురు. ఆ మాటకు నాతోపాటు అమ్మాయియు మరల చదువును.

శ్రావణమాసమున నొక సాయంకాలము లాప్‌టాపులోనుండి టక్కు టక్కు మని చప్పుడు వచ్చెను. నేను దానిని లెక్కచేయలేదు. మఱునాటి యుదయమునకు అది లేవలేదు. పదునాలుగేండ్లు తిరిగిన హార్డు డిస్కు చచ్చినది. యంత్రమునంతటిని తుడిచి, లినక్సును మార్చి, మూతను సవరించిన నేను, అన్నిటికంటె ముందు మార్చవలసిన ఆ డిస్కును మాత్రము, డబ్బెందులకు దండుగయని పాతదానినే యుంచితిని. తిరుగు చక్రము గల డిస్కు ఏనాటికైనను అరుగును. వేఱొక దిక్కులేక దానిలోనే మా తాతగారిని పెట్టితిని!

దైవము కొంత దయచూపెను. ఆదివారముల నొక వేఱు డిస్కులోనికి నకలు తీయుచుంటిని. అందు తొమ్మిది క్యాసెట్లు భద్రముగ నుండెను. చివరి రెండింటికి నకలు తీయలేదు. క్యాసెట్లు దాచియుంచితిని గనుక మరల పట్టుటకు కూర్చుంటిని. పదియవది బాగుగ వచ్చెను. పదునొకండవది, ముందు చక్రములకు చుట్టుకొనినదే, ఈమాఱు అదే చోట తెగెను. అతికితిని. అతుకు చోట రెండు సెకనుల మాట పోయెను. ఆ పద్యము నాకు నోటికి వచ్చును. పోయిన మాటయు తెలియును. కాని దానిని తాతగారి గొంతున మరల వినలేను.

కావున సోదరీమణులు జ్ఞాపకముంచుకొనవలసిన దేమనగా: వడ్డించు యంత్రము వేఱు, దాచు పెట్టె వేఱు. ఒక్క సర్వరులో నున్నంత మాత్రమున పాట భద్రమైనట్లు కాదు. మూడు చోట్ల నుండవలెను: ఒకటి సర్వరులో, ఒకటి ఇంటి బీరువాలోని వేఱు డిస్కులో, ఒకటి పుట్టింటనో ఆడపడుచు ఇంటనో. ఇల్లు తడిసినను కాలినను మూడవది మిగులును. పాత యంత్రమును వాడదలచినచో తొలి ఖర్చు డిస్కు మీదనే పెట్టుడు. నేను చీటీ డబ్బుతో చక్రము లేని ఎస్‌ఎస్‌డీ వేయించితిని. దాని వలన యంత్రము లేచు వేగమును పెఱిగినది. దానిని గూడ నమ్మి నకలు మానలేదు.

మఱి రెండు మాటలు. ఈ సర్వరును ఇంటి వైఫైకే పరిమితము చేయుడు. బయటి యూరినుండి గూడ వినవలెనని వైఫై పెట్టె ద్వారములను తెఱచినచో పాటలతో పాటు దొంగలకును దారి దొరకును. రెండవది, డబ్బిచ్చి కొనిన సీడీలను ఇంట వినుటకు దింపుకొనుడు గాని పదిమందికి పంచకుడు. మన దేశమున ప్రకటితమైన శబ్దముద్రణలకు 60 ఏండ్ల హక్కు కలదు. పాడినవారి కష్టమును మనము గౌరవింపవలెను.

అత్తగారి ప్రశ్న

ఇంతటితో వ్యాసమును ముగింపవలసినదే. కాని మా అత్తగారు అడిగిన మాట యొకటి చెప్పక తీఱదు. డెబ్బదియాఱేండ్ల ఆమెకు ఫోనులు గిట్టవు. హాలులో కూర్చుండి తాతగారి పద్యములు శ్రద్ధగ వినుచుండెడివారు. ఒకనాడు, “మీ తాతగారి గొంతు దాచుకొంటివి, బాగున్నదమ్మా. మా యమ్మ గొంతు నెవరు పట్టిరి? ఆమెకు నూఱు పాటలు వచ్చెడివి” అనిరి.

నాకు సమాధానము దొరకలేదు. మా యింటి టేపులన్నియు చూచితిని. తాతగారి పద్యములున్నవి, మేనమామ స్నేహితుల హాస్యప్రసంగములున్నవి, ఎవరిదో నాటకమున్నది. విసుఱుఱాతి పాట లేదు, అప్పగింతల పాట లేదు, మంగళహారతి లేదు. పద్యము చదివినవారిని పట్టవలెనని తోచినవారికి, వంటింట పాడినవారిని పట్టవలెనని తోచలేదు. మా యమ్మమ్మయు ఆ గదికి ప్రక్కనే వంట చేయుచు పాడియుండును. ఒక టేపులో తాతగారి పద్యము వెనుక, దూరమున, ఏదో సన్నని రాగము వినబడును. పదములు తెలియవు. అది ఆమెదే కావలెను.

అందుచేత అత్తగారినే యడిగితిని. “నా గొంతు పోయినదే” అని మొదట కాదనిరి. “పోయినంత మేరకు పోనిండు, ఉన్నదానిని పట్టుదము” అంటిని. పంకా ఆర్పి, కిటికీ తలుపులు మూసి, ఫోనును ఆమె ముందు జానెడు దూరమున, మెత్తని గుడ్డ మీద నుంచితిని. చప్పటలు కొట్టుచు పాడు పాటలకు కొంచెము వెనుకకు జరిపితిని. పాటకు ముందు ఆ పాట ఎవరి వలన నేర్చినది, ఏ సందర్భమున పాడునది యని ఆమెచేతనే చెప్పించితిని. పాటతో పాటు ఆ మాటయు నిలువవలెను గదా. ఇంతవఱకు ఇరువదిమూడు పాటలైనవి. మఱచిన చరణము లొక్కొక్కటి రాత్రివేళ జ్ఞాపకము వచ్చి, తెల్లవారగనే నన్ను పిలుచుచున్నారు.

మా పట్టికలో ఇపుడు తాతగారి పేరు క్రింద అత్తగారి పేరున్నది. తన పేరు తెలుగున కనబడగా ఆమె కన్నులకు దగ్గఱగ ఫోను పెట్టుకొని అక్షరము లొక్కటొక్కటిగ చదువుకొనిరి. పిదప, “మా యమ్మ పేరు గూడ వ్రాయుము; పాటలు ఆమెవే” అనిరి. వ్రాసితిని.

సోదరీమణులారా! యంత్రము ముందుగ దొరకినను, పాట ముందుగ దొరకినను, మీరు పాటతోనే మొదలుపెట్టుడు. యంత్రము నేడు గాకున్న రేపు దొరకును. మీ యింట పాడు పెద్దముత్తైదువ యున్నచో, ఈ పత్రికను ప్రక్కనుంచి, ఆమె ప్రక్కకు పోయి కూర్చుండుడని నా మనవి.